సున్నపు బట్టీల నుంచి సాగర తీరానికి... మూడు రోజుల దారి

పిడుగురాళ్ల: సున్నపు బట్టీల పొగ, మిర్చి కల్లాల ఘాటు నడుమ ఏడాది పొడవునా గడిపే పల్నాడు వాసులకు సముద్రం ఎక్కడో దూరాన ఉన్న ముచ్చటగానే తోస్తుంది. నిజానికి ఈ పట్టణం మీదుగా సాగే ఒక రహదారి పేరులోనే సముద్రం ఉంది. జనం వాడుకలో అది వాడరేవు - పిడుగురాళ్ల రహదారి. ఇప్పుడు 167ఎ జాతీయ రహదారి. ఒక కొస సున్నపురాతి నేలలో ఉంటే, రెండో కొస చీరాల దాటి బంగాళాఖాతం ఇసుకలో కలుస్తుంది. మధ్య దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

అయినా మన ప్రాంతం నుంచి సముద్రానికి వెళ్లేవారిలో అత్యధికులు చేసేది ఒక్కటే. ఆదివారం ఉదయం తాపీగా బయలుదేరి, మధ్యాహ్నం ఎండవేళకు తీరం చేరి, రెండు గంటలు నీళ్లలో గడిపి, చీకటి పడ్డాక నిద్రమత్తులో వాహనం నడుపుకుంటూ తిరిగి రావడం. సముద్రాన్ని చూడటానికి ఇంతకన్నా చెడ్డ పద్ధతి మరొకటి లేదు. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. సూర్యుడు నీటిలోంచి ఉదయిస్తాడు, అస్తమించేది మాత్రం మన వెనుక, పొలాల మీదుగానే. తీరపు అందం తెల్లవారుజామున ఉంటుంది. అది చూడాలంటే రాత్రి అక్కడే బస చేయక తప్పదు. రెండు రాత్రులు కేటాయించుకోగలిగితే వాడరేవు మొదలు కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవి వరకు తీరాన్ని తీరిగ్గా చూసి రావచ్చు.

రహదారి వెన్నెముక, రేవులు పక్కటెముకలు

ప్రయాణం తలపెట్టేవారు మొదట గ్రహించవలసిన సంగతి ఒకటి ఉంది. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో మాదిరిగా, చెన్నై నుంచి మహాబలిపురం వైపు సాగే తూర్పు తీర రహదారిలో మాదిరిగా ఇక్కడ కారు కిటికీ పక్కనే సముద్రం కనిపిస్తుందని ఆశించరాదు. ఒంగోలు నుంచి చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం మీదుగా కత్తిపూడి వరకు సాగే 216వ నంబరు జాతీయ రహదారిని తీర రహదారి అని పిలుస్తున్నప్పటికీ, మన ప్రాంతంలో అది చాలాచోట్ల సముద్రానికి కొన్ని కిలోమీటర్లు లోపలగానే ఉంటుంది.

దీనికి కారణం నేల స్వభావమే. వేల సంవత్సరాలుగా కృష్ణానది తెచ్చిపోసిన ఒండ్రుతో తీరం ముందుకు జరుగుతూ వచ్చింది. పాత తీరపు ఇసుక గట్లు లోపలే మిగిలిపోయాయి. గట్టిగా, మెరకగా ఉన్న ఆ గట్లపైనే ఊళ్లు వెలిశాయి, రోడ్లూ పడ్డాయి. గట్టుకూ ఇప్పటి సముద్రానికీ నడుమ ఉప్పు కొటార్లు, రొయ్యల చెరువులు, మురుగు కాలువలు, మడ అడవులు పరుచుకున్నాయి. అందువల్ల ప్రధాన రహదారిని వెన్నెముకగా భావించి, ఒక్కో రేవుకు పక్కటెముక వంటి చిన్న దారిలో వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. పటంలో కనిపించే దూరానికి ఈ రాకపోకలు కలుపుకోకపోతే లెక్క తప్పుతుంది. మూడు రోజుల ప్రయాణం మొత్తం 450 నుంచి 500 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు 30 నుంచి 34 లీటర్ల ఇంధనం అవసరమని ముందే లెక్క వేసుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి?

పంటల లెక్క, సముద్రపు లెక్క రెండూ కలవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల వల్ల అలలు మోటుగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. పత్తి, మిర్చి రైతులు దాని దెబ్బ మరచి ఉండరు. వేసవి సంగతి రెంటచింతల పొరుగున ఉండే మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. తాజా చేపల కోసం వెళ్లేవారికి ఆ రోజుల్లో నిరాశ తప్పదు.

మిగిలినవి డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి వరకు గల రోజులు. అందులోనూ మిర్చి కోతలు ముమ్మరమైతే రైతు ఇల్లు కదలలేడు. కనుక సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత, జనవరి మూడో వారం మన ప్రాంతం వారికి అన్నివిధాలా అనుకూలం. ఆ రోజుల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. నాలుగు గంటలకే బయలుదేరాలన్న ఉత్సాహం మాని, వెలుతురు వచ్చాకే వాహనం తీయడం క్షేమం. కార్తిక పౌర్ణమి సముద్ర స్నానాలకు సూర్యలంక, వాడరేవు తీరాలకు జనం వేలల్లో తరలివస్తారు. పుణ్యం కోసం వెళ్లేవారికి ఆ రోజు సరే, తీరం చూడాలనుకునేవారికి కాదు.

మొదటి రోజు: నల్లరేగడి నుంచి ఇసుకలోకి

పిడుగురాళ్ల నుంచి నకరికల్లు అడ్డరోడ్డు మీదుగా నరసరావుపేట, అక్కడి నుంచి చిలకలూరిపేట చేరాలి. త్రికూటేశ్వరుని కోటప్పకొండ ఈ దారికి చేరువలోనే ఉంది. మొక్కు ఉన్నవారు ఉదయమే దర్శనం ముగించుకోవచ్చు. చిలకలూరిపేట వద్ద చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిని దాటి పర్చూరు వైపు సాగాలి. విస్తరణ పనుల వల్ల ఈ మార్గంలో ఇటీవలి ఏళ్లలో మళ్లింపులు తరచుగా ఎదురయ్యాయి. బయలుదేరే ముందు ఆ దారిన సరకు తోలే లారీ డ్రైవర్లను ఒక మాట అడగడం మేలు. వారికి తెలిసినంతగా ఏ పటమూ చెప్పదు.

పర్చూరు దాటే వరకు కిటికీలోంచి కనిపించేది మనకు అలవాటైన నల్లరేగడే. పత్తి, మిర్చి, శనగ, పొగాకు చేలు. చీరాల సమీపిస్తుండగా నేల రంగు మారుతుంది. ఇసుక, జీడిమామిడి, సరుగుడు తోటలు మొదలవుతాయి. గాలిలో తేమ తెలుస్తుంది. రెండు గంటల్లో ఇంత మార్పు చూపే దారి జిల్లాలో మరొకటి లేదని ఈ ప్రతినిధి అభిప్రాయం.

చీరాలలో ఆగకుండా నేరుగా సముద్రానికి పరుగెత్తడం సాధారణంగా జరిగే పొరపాటు. 1921లో మున్సిపాలిటీ పన్నుల భారాన్ని వ్యతిరేకిస్తూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల - పేరాల ప్రజలు ఇళ్లు వదిలి, ఊరి వెలుపల రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి నివసించారు. ఇది ఆ ఊరే. నేత మగ్గాల చప్పుడు ఇంకా వినిపించే వీధులు ఉన్నాయి. పక్కనే వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికలు, అరుదైన గ్రంథాలతో పాటు గాంధీజీ విరిగిన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పిల్లలతో వెళ్లేవారు ఒక గంట ఇక్కడ గడపాలి. తిరిగి వస్తూ వేటపాలెం జీడిపప్పు కొనుక్కోవచ్చు.

మధ్యాహ్న భోజనానంతరం ఎండ తగ్గేలోపు మోటుపల్లికి వెళ్లి రావడానికి సమయం సరిపోతుంది. ఇప్పుడు చిన్న పల్లెగా కనిపించే ఈ ఊరు కాకతీయుల కాలంలో విదేశీ ఓడలు వచ్చిన రేవు. అప్పట్లో తుపానుకు చిక్కి ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరకంతా రాజులు స్వాధీనం చేసుకునేవారు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. మార్కోపోలో తన యాత్రా వృత్తాంతంలో మోటుపల్లినే ముత్ఫిలి అని పేర్కొన్నాడు. సముద్రంలో చిక్కుకున్న మనిషికి ధైర్యం చెప్పిన శాసనం ఉన్న ఊరు ఇది. వీరభద్రస్వామి ఆలయ పరిసరాల్లో కాసేపు కూర్చుని రావచ్చు. రాత్రి బసకు చీరాలలో లాడ్జీలు, వాడరేవు, రామాపురం తీరాల్లో ప్రైవేటు రిసార్టులు ఉన్నాయి. శని, ఆదివారాలు గదులు దొరకడం కష్టం. ఫోనులో ముందే ఖరారు చేసుకోవాలి.

నీటిలో దిగే ముందు...

ఈ వ్యాసంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. 2022 అక్టోబరులో విజయవాడ నుంచి సూర్యలంకకు వచ్చిన విద్యార్థులు అలలకు బలయ్యారు. 2024 జూన్‌లో రామాపురం తీరంలో ఏలూరు జిల్లా యువకులు మృతిచెందారు. ఆ తరువాత కొంతకాలం బాపట్ల జిల్లా తీరాల్లోకి పర్యాటకులను అనుమతించలేదు. ఈ దుర్ఘటనల్లో మృతులు తీరం వారు కారు. లోపలి ప్రాంతాల నుంచి వచ్చినవారే.

మన కుర్రాళ్లకు ఈత రాక కాదు. బావుల్లో, సాగర్ కుడి కాలువలో ఈదినవారే ఎక్కువ. కాలువలో నీరు ఒకే వైపు పోతుంది, బావిలో అసలు కదలదు. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి. అడుగున ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆ నీరు ఇరుకైన పాయగా, వేగంగా వెనక్కి మళ్లుతుంది. ఆ చోట అలలు విరగవు. నీరు కాస్త నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. రెండు పక్కలా నురగ విరుగుతుంటే మధ్యలో నిమ్మళంగా ఉన్న చోటు చూసి, ఇది భద్రమని పిల్లలను అక్కడే దింపుతారు. నిజానికి మనిషిని లోపలికి లాగేది ఆ చోటే.

కొన్నేళ్ల క్రితం ఒక పౌర్ణమి మరునాడు ఈ ప్రతినిధి బంధుమిత్రులతో కలిసి తీరానికి వెళ్లినప్పుడు జరిగింది ఇదే. మోకాలి లోతులో నిలబడిన పదహారేళ్ల కుర్రవాడు మూడు అలల వ్యవధిలో మెడలోతుకు వెళ్లిపోయాడు. కాలువలో అవతలి గట్టుకు ఈదిన ధైర్యంతో వాడు ఒడ్డు వైపే ఈదసాగాడు. ఎంత ఈదినా అక్కడే ఉన్నాడు. వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు తాడు కట్టిన ఖాళీ డబ్బా విసిరి, ‘‘ఒడ్డుకు రావద్దురా అబ్బాయ్, పక్కకు పో, పక్కకు పో’’ అని కేకలు వేశాడు. పక్కకు పదిహేను ఇరవై గజాలు జరిగేసరికి అలలే వాడిని ఒడ్డుకు తోశాయి. ఆ తరువాత ఎవరికీ అన్నం సహించలేదు.

ఆ మత్స్యకారుడు చెప్పిన మాటే శాస్త్రం కూడా చెబుతుంది. లాగే పాయ ఇరుకుగా ఉంటుంది కనుక దానికి ఎదురు ఈదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, పాయ దాటాక ఒడ్డు వైపు తిరగాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. ఒకరు మునుగుతుంటే రక్షించబోయి మరొకరు, వారిని పట్టుకోబోయి ఇంకొకరు మునగడం వల్లనే ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. అందుకే వాహనంలో ఇరవై మీటర్ల గట్టి తాడు, మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల డబ్బా తప్పనిసరిగా ఉండాలి. దిగి వెళ్లడం కాదు, విసరడం నేర్చుకోవాలి. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు. మద్యం తాగినవారిని నీటి దరికి రానివ్వరాదు.

ఆటుపోట్ల లెక్కకు మన ఇంటి పంచాంగమే చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లో పోటు ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, మరునాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటి రోజు స్థానికులను అడిగి వేళ తెలుసుకుంటే మిగతా రెండు రోజులకు ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. అలల ఉద్ధృతిపై హైదరాబాద్‌లోని మహాసముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హెచ్చరికలు జారీ చేస్తుంటుంది. అవి వెలువడిన రోజు ఎర్రజెండా లేకపోయినా ఒడ్డునే ఉండాలి.

రెండో రోజు: సూర్యలంక, నిజాంపట్నం

వాడరేవులో సూర్యోదయం చూసి, వేట నుంచి తిరిగివచ్చే పడవల వద్ద కాసేపు నిలబడితే పొద్దు తెలియదు. వల విప్పడం, చేపలు వేరుచేయడం, వేలం పాట అన్నీ ఇసుకపైనే సాగుతాయి. ఫొటోలు తీసేముందు అడగాలి. అది వారి పని వేళ.

అక్కడి నుంచి బాపట్ల దగ్గరే. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమైన ఈ పట్టణానికి భావనారాయణస్వామి పేరు మీదుగానే ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1945లో ప్రారంభమైన వ్యవసాయ కళాశాల ఇక్కడే ఉంది. బాపట్ల నుంచి సూర్యలంక తీరానికి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. పర్యాటక శాఖ వసతి గృహాలు ఉన్నాయి. విశాలమైన ఇసుక తీరమే అయినా జనం, ప్లాస్టిక్ ఎక్కువ. సమీపంలో వాయుసేన స్థావరం ఉన్నందున ఆ వైపు వెళ్లరాదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాహనాల లైట్లు, ఫోను దీపాలు వేస్తే అవి బెదిరి వెనుదిరుగుతాయి.

సాయంత్రానికి నిజాంపట్నం. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ వచ్చి ఆగిన పాత పెదపల్లి రేవు ఇదే. ఇప్పుడు చేపల హార్బరు. ఇక్కడ స్నానాల తీరం ఆశించి వెళ్లేవారికి బురద, మడ చెట్లే కనిపిస్తాయి. తుపాను అలల ఉద్ధృతిని తగ్గించే పచ్చని గోడ అదేనని తెలిసి చూస్తే ఆ అందం వేరు. రాత్రి బస రేపల్లెలో.

మూడో రోజు: నది ముగిసే చోట

రేపల్లె దాటాక పెనుమూడి - పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటాలి. వంతెన రాకముందు ఈ దాటుడు పడవల మీదే సాగేది. అక్కడి నుంచి అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి ఆలయం, దానికి దిగువన పాలకాయతిప్ప తీరం ఉన్నాయి. కృష్ణానది సముద్రంలో కలిసే అసలు చోటు ఇంకా ముందుకు ఉంటుంది. ఇసుకలోకి కారు దింపినవారు ట్రాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం అక్కడ నిత్యకృత్యం. నడిచే వెళ్లాలి. చుట్టూ అభయారణ్యం. చీకటి పడకముందే వెనుదిరగాలి. తాగునీరు, తిండి అవనిగడ్డలోనే తీసుకోవడం మంచిది. మాచర్ల, సత్రశాల, అమరావతి వద్ద మనం చూసిన కృష్ణమ్మే ఇక్కడ ఉప్పునీటిలో కలిసిపోతుంటే పల్నాడు మనిషికి కలిగే భావం వేరు.

దివిసీమలో పెద్దవారిని పలకరిస్తే 1977 నవంబరు 19 రాత్రి గురించి చెబుతారు. ఆనాటి ఉప్పెనలో పది వేల మందికి పైగా మరణించారని అంచనా. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. దారి పక్కన స్తంభాలపై ఎత్తుగా కనిపించే తుపాను రక్షణ భవనాలు ఎందుకు కట్టారో పిల్లలకు చెప్పడానికి ఇది తగిన చోటు.

మచిలీపట్నం, మంగినపూడి తీరం కూడా ఇదే రోజు చూడాలని కొందరు ఆరాటపడతారు. అలా చేస్తే విజయవాడ, గుంటూరు మీదుగా ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. బందరు కోట, పెడన కలంకారీ, బందరు లడ్డూ కావాలనుకుంటే నాలుగో రోజు కేటాయించుకోవాలి. లేనివారు హంసలదీవి నుంచి మధ్యాహ్నం రెండు గంటలకల్లా బయలుదేరి రేపల్లె, తెనాలి, గుంటూరు, పేరేచర్ల, సత్తెనపల్లి మీదుగా రావచ్చు. మిర్చి లోడులతో గుంటూరు యార్డుకు వెళ్లే లారీలు, ట్రాక్టర్లు ఈ దారిలో రాత్రివేళ ఎక్కువ. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులను గుద్దిన ప్రమాదాలు ఈ దారికి కొత్త కావు. రెండు గంటలకోసారి ఆగి, డ్రైవరుకు టీ ఇప్పించాలి. వీలైతే డ్రైవింగు లైసెన్సు ఉన్నవారు ఇద్దరుండాలి. జాతీయ రహదారులపై వాహనం మొరాయిస్తే 1033, అత్యవసరమైతే 108, 112 నంబర్లకు ఫోను చేయాలి.

ఇల్లు చేరిన మరునాడే వాహనం అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించడం మరువరాదు. ఉప్పుగాలి, ఇసుక పట్టిన ఇనుము నెల తిరగకుండానే తుప్పు చూపుతుంది. తాడు, ఖాళీ డబ్బా మాత్రం డిక్కీలోనే ఉంచాలి. శివరాత్రికి సత్రశాల స్నానానికి వెళ్లినా అవి పనికొస్తాయి.